ఉత్తకాళ్ల నుంచి బూట్ల దాకా.. రహీం మేష్టారి ఆట

పరికరం మారితే ఆట మారుతుంది. అయితే ఆ మార్పును కాళ్లకీ, బుర్రకీ పట్టించేవాళ్లు ఒకరుండాలి. భారత ఫుట్‌బాల్‌కి అలాంటి మనిషి హైదరాబాద్ బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. పోలీసు పరుగు పందెం నుంచి స్పోర్ట్స్ టెక్నాలజీ కొలువుల దాకా దేనికి సిద్ధమవుతున్నా, ఆయన జీవితంలో మీకు పనికొచ్చే పాఠం ఉంది.

వడ్డాదిలోనో, చోడవరంలోనో తెల్లారగట్ల గ్రౌండు వైపు వెళ్లి చూడండి. కానిస్టేబుల్ ఉద్యోగానికో, అగ్నివీర్ ర్యాలీకో 1600 మీటర్లు ప్రాక్టీసు చేస్తున్న కుర్రాళ్లు కనిపిస్తారు. ఒకరి కాళ్లకి వేలు పోసి కొన్న రన్నింగ్ షూ. ఇంకొకరికి సంతలో కొన్న కాన్వాస్ బూట్లు. మరొకరు ఉత్తకాళ్లతోనే లాగించేస్తుంటారు. కాన్వాస్ బూట్ల కుర్రాడిని ఒకటే అనుమానం తొలిచేస్తుంటుంది. వాడి షూ నాకుంటే నేనూ ముందుండేవాడినా? ఇంట్లో అడగనా, వద్దా?

ఈ అనుమానం తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని పెద్దవాళ్లు నవ్వేస్తారు గానీ, కొన్నిసార్లు మద్దెల నిజంగానే ఓడు. కొన్నిసార్లు మద్దెల బాగానే ఉంటుంది, వాయించడమే రాదు. ఏది ఎప్పుడు నిజమో తెలుసుకోవడమే అసలు చదువు. ఆ చదువును దేశం మొత్తం ఒకసారి ఘోరంగా ఓడి నేర్చుకుంది. అప్పుడు జట్టు పక్కన నిలబడింది మన హైదరాబాదీ మేష్టారే.

బడి నుంచి మైదానానికి

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియా యూనివర్సిటీలో చదివారు, ఆ జట్టుకే ఫుట్‌బాల్ ఆడారు. చదువయ్యాక చాలామంది మధ్యతరగతి కుర్రాళ్లలాగే టీచరు ఉద్యోగంలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూల్.. ఇలా నగరంలోని బళ్లలో పాఠాలు చెప్పారు. తర్వాత ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేసి వ్యాయామ విద్యను కూడా చేతిలోకి తీసుకున్నారు.

ఇక్కడొకటి గమనించండి. ఆయన పేరుమోసిన అంతర్జాతీయ ఆటగాడు కాదు. ఆట మీద ప్రేమకి పాఠం చెప్పే నేర్పును జోడించుకున్నారు. డిగ్రీ ఉంది, దానికి తోడు ఒక డిప్లొమా చేశారు. ఆ రెండూ కలిసిన చోటే ఆయన దారి తెరుచుకుంది. డిగ్రీ పూర్తిచేసి ఇప్పుడేం చేయాలా అని ఆలోచిస్తున్న మీకు ఇది చిన్న విషయంగా అనిపించొచ్చు. కానీ కోచ్‌గా రహీం చేసిన పనంతా చూస్తే, అది ఒక మంచి టీచరు చేసే పనే.

1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి సెక్రటరీ అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్‌గా వచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. అప్పట్లో దేశంలో పెద్ద టోర్నీల్లో అదొకటి. కలకత్తా క్లబ్బులదే రాజ్యమనుకునే రోజుల్లో ఒక పోలీసు జట్టు ఐదుసార్లు కప్పు ఎత్తుకెళ్లిపోవడమంటే మాటలు కాదు. ఆటతోనే పోలీసు ఉద్యోగం తెచ్చుకుని, ఆ జీతంతో ఇల్లు గడుపుకున్న కుర్రాళ్లు ఆ జట్టులో ఉండేవాళ్లు. క్రీడా కోటా అని ఇప్పుడు మనం మాట్లాడుకునేదానికి అదొక పాత రూపం.

ఉత్తకాళ్లు గొప్పా? లోపమా?

ఆ రోజుల్లో మన ఫుట్‌బాలర్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడేవారు. పేదరికం ఒక కారణమే గానీ, మొత్తం అదే కాదు. చిన్నప్పటి నుంచీ ఎండిన గట్టి నేల మీద ఉత్తకాళ్లతో ఆడి పెరిగినవాళ్లకి బంతి స్పర్శ నేరుగా తెలుస్తుంది. అప్పటి బూట్లేమో మడమ పైదాకా వచ్చే మందపాటి తోలు, గట్టి ముక్కు, కింద మేకులతో దిగ్గొట్టిన తోలు స్టడ్స్. వాన పడితే తోలు నీళ్లు పీల్చుకుని ఇంకా బరువెక్కేది. అలాంటివి తొడుక్కుంటే మన కుర్రాళ్లకి కాళ్లకి సంకెళ్లు వేసినట్టుండేది.

ఉత్తకాళ్ల ఆటకి పెద్ద చరిత్రే ఉంది. 1911 జులై 29న మోహన్ బగాన్ జట్టు ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో బ్రిటిష్ సైనిక జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని ఓడించింది. ఆ రోజు బగాన్ ఆటగాళ్లలో బూట్లు వేసుకున్నది ఒక్కరే. తెల్లదొరల బూట్లని మన ఉత్తకాళ్లు ఓడించాయన్న గర్వం దేశమంతా పాకింది. న్యాయమైన గర్వమే. కానీ కాలం గడిచేకొద్దీ ఆ గర్వమే కళ్లకి గంతలు కట్టింది.

1948 లండన్ ఒలింపిక్స్‌లో స్వతంత్ర భారత జట్టు ఫ్రాన్స్‌తో ఆడి 1-2 తేడాతో ఓడింది. అప్పుడూ మనవాళ్లలో ఎక్కువమంది ఉత్తకాళ్లే. రెండు పెనాల్టీలు వృథా చేసుకున్నా ప్రేక్షకుల మెప్పు మాత్రం దండిగా దక్కింది. ఓడినా చప్పట్లు కొట్టారు కాబట్టి లోపం ఎక్కడుందో వెతకాలని ఎవరికీ అంతగా తోచలేదు.

1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. అప్పటికి జాతీయ జట్టు బాధ్యత రహీం చేతికి వచ్చింది. ఫైనల్లో ఇరాన్ మీద 1-0తో గెలిచి స్వర్ణం సాధించాం. గోల్ కొట్టింది మేవాలాల్. సొంత నేల, అలవాటైన వాతావరణం, అలవాటైన ఆట. అన్నీ కలిసొచ్చాయి.

హెల్సింకి కొట్టిన దెబ్బ

ఆ మరుసటి ఏడాదే అసలు పరీక్ష. 1952 జులై 15. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో ఒలింపిక్స్. ఎదురుగా యుగోస్లావియా. చలి వాతావరణం, జారే పచ్చిక. మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతోనే దిగారు. ఫలితం 1-10. చివర్లో అహ్మద్ ఖాన్ కొట్టిన ఒక్క గోలే దక్కింది.

దీని వెనకున్న ఫిజిక్స్ మీరు ఇంటర్‌లో చదివిందే. మనిషి ముందుకి దూకాలంటే నేలని వెనక్కి తన్నాలి. నేల తిరిగి ముందుకి తోస్తుంది. ఆ తోపు అందాలంటే కాలికీ నేలకీ మధ్య పట్టు ఉండాలి. ఎండిన నేల మీద ఉత్తకాలికి ఆ పట్టు దొరుకుతుంది. తడి గడ్డి మీద ఆ పట్టు పోతుంది. బూటు కింద స్టడ్ మట్టిలోకి దిగి అడ్డుగా నిలబడుతుంది, అందుకే అది వేసుకున్నవాడు జారకుండా మలుపు తిరుగుతాడు. మనవాడు అర అడుగు జారేలోపు అవతలివాడు రెండడుగులు ముందుంటాడు. పైగా ఇనుములాంటి బూట్లున్న కాళ్ల మధ్యకి ఉత్తకాలు పెట్టాలంటే ఎంత ధైర్యవంతుడైనా ఒక్క క్షణం వెనకాడతాడు. ఆ ఒక్క క్షణమే గోల్.

ఆ ఓటమి తర్వాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లని తప్పనిసరి చేసింది. రూల్ మారింది, కథ సుఖాంతం అనుకుంటున్నారా? అక్కడే ఆగితే మనం నేర్చుకునేది సగమే.

బూట్లు ఒక్కటే కారణమా?

ఓటమి తర్వాత అందరి కళ్లూ కాళ్ల మీదే పడ్డాయి. కనిపించే లోపం అదే కాబట్టి. కానీ టీచరు బుర్ర ఇంకాస్త లోతుకి వెళ్తుంది. పరీక్ష తప్పిన పిల్లాడి చేతిలో పెన్ను బాగోలేదని కొత్త పెన్ను కొనిస్తే సరిపోదు కదా, రాని చాప్టర్లు ఏమిటో కూడా చూడాలి.

మొదటి చాప్టర్ దమ్ము. మన దేశంలో మ్యాచ్‌లు అప్పట్లో 70 నిమిషాలే ఉండేవి. అంతర్జాతీయ మ్యాచ్ 90 నిమిషాలు. ఆ చివరి 20 నిమిషాలు మన ఒంటికి అలవాటే లేదు.

రెండో చాప్టర్ వ్యూహం. వెనక ఇద్దరే డిఫెండర్లుండే పాత పద్ధతిలో మనం ఉండిపోయాం. యూరప్ అప్పటికే ముగ్గురికి మారి చాలాకాలమైంది. హెల్సింకిలో స్వర్ణం గెలిచిన హంగరీ మరో అడుగు ముందుకేసి, సెంటర్ ఫార్వర్డ్‌ని కాస్త వెనక్కి లాగి ఆడించే కొత్త ఎత్తు చూపించింది. రహీం ఆ ఆటని శ్రద్ధగా చదివారు. తర్వాతి ఏళ్లలో భారత జట్టు ఆటతీరుని మార్చారు. 4-2-4 పద్ధతిని 1958 ప్రపంచకప్‌లో బ్రెజిల్ ప్రపంచానికంతటికీ పరిచయం చేసిందని చెప్పుకొంటారు. అంతకుముందే రహీం జట్టు ఆ దారిలో నడిచిందని మన ఫుట్‌బాల్ చరిత్రకారులు రాస్తారు.

మూడో చాప్టర్ అలవాటు. పదేళ్లు ఉత్తకాలితో ఆడినవాడికి బూటు తొడిగితే మొదట ఆట తగ్గుతుంది, పెరగదు. బంతి ఎక్కడ తగిలిందో తెలీదు. మడమ దగ్గర పొక్కులు లేస్తాయి. తన్నే కోణం మారుతుంది. పరికరం ఇచ్చే లాభం చేతికందాలంటే ముందు ఆ నష్టాన్ని ఓపిగ్గా దాటాలి. ల్యాప్‌టాప్ కొన్న మొదటివారం టైపింగ్ ఎంత నెమ్మదిగా సాగిందో గుర్తుందా? అదే సంగతి.

రహీం సాధన పద్ధతులు చూస్తే మీకు ముచ్చటేస్తుంది. కుర్రాళ్లకి డ్రిబ్లింగ్ లేని టోర్నీలు పెట్టేవారు. బంతి కాళ్ల దగ్గరే పెట్టుకుని విన్యాసాలు చేయకూడదు, వెంటనే పాస్ ఇచ్చేయాలి. అలవాటు లేని కాలితోనే ఆడాల్సిన టోర్నీలు కూడా నడిపేవారు. కుడికాలి వాటమున్నవాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో అన్నమాట. వీటికి రూపాయి ఖర్చు లేదు. కానీ ఇలా తయారైన కుర్రాడికి రెండు కాళ్లూ పనిచేస్తాయి, తల పైకెత్తి ఆడటం వస్తుంది. వాడికి బూట్లు ఇస్తే వాటి విలువ రెట్టింపవుతుంది.

బెర్న్ వానలో విప్పిన రహస్యం

మన దగ్గర ఇదంతా జరుగుతున్నప్పుడే యూరప్‌లో బూటు ఇంకో మెట్టెక్కింది. 1954 జులై 4, స్విట్జర్లాండ్‌లోని బెర్న్. ప్రపంచకప్ ఫైనల్. హెల్సింకి విజేత హంగరీ ఒకవైపు, పశ్చిమ జర్మనీ మరోవైపు. ఎనిమిది నిమిషాల్లోనే హంగరీ 2-0 ఆధిక్యం. బయట వాన. జర్మన్ ఆటగాళ్ల కాళ్లకున్నవి ఆది డాస్లర్ తయారుచేసిన తేలికపాటి బూట్లు. వాటి కింద స్టడ్స్‌ని మరలా తిప్పి తీసేయొచ్చు. నేల గట్టిగా ఉంటే పొట్టివి, బురదగా ఉంటే పొడుగువి బిగించుకోవచ్చు. ఆ మ్యాచ్ జర్మనీ 3-2తో గెలిచింది.

గెలుపంతా స్టడ్స్‌దేనంటే జర్మన్ ఆటగాళ్లకి అన్యాయం చేసినట్టే. కానీ బురదలో జారకుండా నిలబడిన కాళ్లు ఆ గెలుపులో భాగస్వాములే. ఈ మ్యాచ్‌తో ఒక సంగతి లోకానికి తేలిపోయింది. పరికరం ఇకనుంచి ఒంటిమీద బట్ట కాదు, వ్యూహంలో ఒక భాగం.

నాలుగేళ్లలో అదే ప్రత్యర్థి

1956, మెల్‌బోర్న్ ఒలింపిక్స్. రహీం జట్టు ఈసారి బూట్లతో దిగింది. ఆ జట్టులో మన హైదరాబాద్, సికింద్రాబాద్ కుర్రాళ్లు పలువురు ఉన్నారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, టీనేజీ దాటని జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం. దేశం జట్టుకి ఒక నగరం ఇంతమందిని ఇచ్చిందంటే, వెనక ఎంత పని జరిగి ఉంటుందో ఊహించండి.

క్వార్టర్ ఫైనల్లో ఆతిథ్య ఆస్ట్రేలియాని 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా ఆటగాడు కొట్టిన తొలి హ్యాట్రిక్ అదే. సెమీస్‌కి చేరిన తొలి ఆసియా జట్టూ మనదే.

సెమీస్‌లో ఎదురైంది ఎవరనుకున్నారు? యుగోస్లావియా. నాలుగేళ్ల క్రితం పది గోల్స్ కొట్టిన దేశం. ఈసారి సగం ఆట ముగిసేసరికి స్కోరు 0-0. రెండో సగంలో మొదటి గోల్ మనదే, మళ్లీ డిసౌజాదే. ఆ తర్వాత వాళ్లు పుంజుకుని 4-1తో గెలిచారు. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 0-3తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఇప్పటికీ మన అత్యుత్తమ స్థానం అదే.

1-10 నుంచి 1-4కి. రెండూ ఓటములే, పైగా అవతలి జట్టులో ఆటగాళ్లూ మారారు. అయినా మొదటిదాంట్లో మనం నిలబడలేకపోయాం, రెండోదాంట్లో ముందు వాళ్లనే భయపెట్టాం. ఇందులో బూట్ల వాటా ఎంత, దమ్ము వాటా ఎంత, వ్యూహం వాటా ఎంత అని తూకం వేసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఒకటి మాత్రం చెప్పొచ్చు. ఆ మూడింట్లో ఏది లేకపోయినా ఆ సెమీఫైనల్ అలా సాగేది కాదు.

ఆ సమయంలోనే ఇంటి దగ్గరా పంట పండింది. 1956, 1957 సంవత్సరాల్లో హైదరాబాద్ జట్టు వరుసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో రహీం జట్టు ఫ్రాన్స్‌తో 1-1తో డ్రా చేసుకుంది. బలమైన హంగరీ చేతిలో 1-2 తేడాతోనే ఓడింది. రోమ్ తర్వాత ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన జట్టు మళ్లీ కనిపించలేదు.

చివరి పాఠం జకార్తాలో

1962 నాటికి రహీం ఆరోగ్యం చెడిపోయింది. ఊపిరితిత్తుల క్యాన్సర్. ఆయన సిగరెట్లు విపరీతంగా తాగేవారు. ఆ అలవాటు తీసుకున్న మూల్యం అది. కుర్రాళ్ల దమ్ము పెంచిన మేష్టారికి సొంత దమ్మే కరిగిపోతూ వచ్చింది. ఈ వాక్యం దగ్గర మీలో కొందరు ఒక్క నిమిషం ఆగితే మంచిది.

ఆ స్థితిలోనే జట్టుని జకార్తా ఆసియా క్రీడలకి తీసుకెళ్లారు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌ని, జపాన్‌ని ఓడించారు. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి గాయమై కుట్లు పడ్డాయి. వేరే కోచ్ అయితే అతన్ని పక్కన కూర్చోబెట్టేవాడేమో. రహీం అతన్ని ముందుకి పంపి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలుపు.

ఫైనల్ సెప్టెంబర్ 4న. మళ్లీ దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్‌లని క్రీడలకి రానివ్వకపోవడంపై మన అధికారి ఒకరు అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు. స్టేడియం నిండా వ్యతిరేక నినాదాలే. ఆ హోరులో పీకే బెనర్జీ ఒక గోల్, తలకి కట్టుతో జర్నైల్ ఇంకో గోల్ కొట్టారు. 2-1తో స్వర్ణం మనది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనం గెలిచిన చివరి స్వర్ణం అదే.

పది నెలలు తిరక్కుండానే, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. వయసు 53. కోచ్‌లకి ఇచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో. అప్పటికి ఆయన పోయి 22 ఏళ్లు. కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 ఒలింపిక్ జట్టులో సభ్యుడు. తర్వాత ఫిఫా రిఫరీగా పనిచేశారు, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు. రహీం పేరు ఈ తరానికి తెలిసింది మాత్రం ఎక్కువగా 2024లో వచ్చిన మైదాన్ సినిమాతోనే.

ఇప్పటి బూట్లు, ఇప్పటి హెల్సింకిలు

హెల్సింకి కథ అక్కడితో అయిపోలేదు. పరికరం మారినప్పుడల్లా మళ్లీ జరుగుతూనే ఉంటుంది.

1928 నుంచి 1972 దాకా ప్రతి ఒలింపిక్స్‌లో హాకీ పతకం తెచ్చిన మనం, 1976 మాంట్రియల్‌లో కృత్రిమ టర్ఫ్ రాగానే ఏడో స్థానానికి జారిపోయాం. గడ్డి మీద పుట్టిన నైపుణ్యం టర్ఫ్ వేగానికి సరిపోలేదు. టర్ఫ్ మైదానాలు మన దగ్గర చాలినన్ని లేక, మన కుర్రాళ్లకి అలవాటు పడటానికి ఏళ్లు పట్టింది.

2008లో ఈతకొలనుల్లోకి ఎల్‌జెడ్ఆర్ రేసర్ అనే సూట్ వచ్చింది. నీటి నిరోధం తగ్గించే గుణం దానిది. ఆ పోటీ ఎంత ముదిరిందంటే 2009 రోమ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 43 ప్రపంచ రికార్డులు బద్దలయ్యాయి. చివరికి 2010 నుంచి అలాంటి సూట్లని నిషేధించారు. మారథాన్‌లో కార్బన్ ప్లేటున్న, మందపాటి నురుగు అడుగున్న షూ వచ్చింది. 2019లో ఎలియుడ్ కిప్చోగె వియన్నాలో 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో మారథాన్ దూరం పరుగెత్తాడు. ప్రత్యేక ఏర్పాట్లతో జరిగింది కాబట్టి దాన్ని అధికారిక రికార్డుగా లెక్కించలేదు. 2020లో వరల్డ్ అథ్లెటిక్స్ రోడ్డు పరుగు షూ అడుగు 40 మిల్లీమీటర్లు మించకూడదని, ఒకే ప్లేటు ఉండాలని గీత గీసింది. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో బంతి లోపల పెట్టిన సెన్సర్ సెకనుకి 500 సార్లు సమాచారం పంపింది. ఆటగాళ్ల చొక్కా కింద జీపీఎస్ పట్టీలు ఇప్పుడు మామూలైపోయాయి.

చూశారుగా, ప్రతిసారీ మూడు మెట్లు. కొత్త పరికరం వస్తుంది, అందినవాళ్లు దూసుకెళ్తారు, ఆ తర్వాత రూల్ వస్తుంది. మొదటి మెట్టు దగ్గరే మేలుకున్నవాళ్లు బాగుపడతారు. మూడో మెట్టు దాకా పాత గర్వంతో కూర్చున్నవాళ్లకి హెల్సింకి తప్పదు.

మరి మీ సంగతి?

కాన్వాస్ బూట్ల కుర్రాడి ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్పుకుందాం. సరైన షూ అవసరమే. ఉత్తకాళ్లతో, పాదానికి సరిపోని బూట్లతో మోకాళ్లు పాడుచేసుకోవడం వీరత్వం కాదు. అయితే చాంపియన్లు వేసుకున్నారని అప్పుచేసి ఖరీదైన కార్బన్ షూ కొనడం పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే. రహీం లెక్కలో ఆలోచిస్తే వరుస ఇలా ఉంటుంది.

ముందు మీ లోపమేంటో తేల్చుకోండి. 1600 మీటర్లలో చివరి 400 దగ్గర ఆగిపోతున్నారా? అయితే అది దమ్ము సమస్య, షూ సమస్య కాదు. మలుపుల్లో జారుతున్నారా, పాదం బొబ్బలెక్కుతోందా? అప్పుడు షూ మార్చాలి.

కొంటే ముందుగా కొనండి. పరీక్ష రోజు కొత్త షూ తొడగొద్దు. కొత్త పరికరం మొదట్లో ఆట తగ్గిస్తుందని ఇంతకుముందే చెప్పుకున్నాం. కనీసం కొన్ని వారాలు వాటితో పరుగెత్తి కాలికి అలవాటు చేయండి. స్పైక్స్ అనుమతిస్తారో లేదో నోటిఫికేషన్‌లో చూసుకోండి.

ఖర్చు లేని సాధన వదలొద్దు. బలహీనమైన కాలికి పని చెప్పండి. స్టాప్‌వాచ్‌తో మీ టైమింగ్స్ రోజూ నోట్‌బుక్‌లో రాసుకోండి. మీ దగ్గరున్న పాత ఫోన్‌తో పరుగు వీడియో తీసి అడుగు ఎలా పడుతోందో చూసుకోండి. రహీం రోజుల్లో ఏ కోచ్‌కీ ఈ సౌకర్యం లేదు.

ఆటలు ఆడేవాళ్లకే కాదు, చదివేవాళ్లకీ ఇక్కడ కొలువులున్నాయి. రహీం దారిలో నడవాలనుకుంటే పీఈసెట్ రాసి బీపీఈడీ చేయొచ్చు. కోచ్ కావాలంటే 1961లో మొదలైన పటియాలా ఎన్ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా ఉంది. వ్యాయామ విద్యలో పైచదువులకి గ్వాలియర్‌లోని ఎల్ఎన్ఐపీఈ పేరున్న సంస్థ. ఇంజినీరింగ్, డేటా సైన్స్ వాళ్లకైతే ఆటగాళ్ల కదలికల విశ్లేషణ, సెన్సర్లు, బయోమెకానిక్స్ కొత్త రంగాలు. ఐఐటీ మద్రాస్‌లో స్పోర్ట్స్ సైన్స్, ఎనలిటిక్స్ మీద ప్రత్యేక కేంద్రమే ఉంది. క్రీడా పరికరాల తయారీకి జలంధర్, మేరఠ్ పెట్టింది పేరు. మెకానికల్, మెటీరియల్స్ చదివినవాళ్లు ఆ వైపూ ఒకసారి చూడొచ్చు.

పోటీ పరీక్షలకి గుర్తుంచుకోండి

1950 ప్రపంచకప్‌కి ఉత్తకాళ్లతో ఆడనివ్వనందుకే భారత్ వెళ్లలేదని చాలామంది చెబుతారు. అది జనంలో పాకిన కథ. వెళ్లకూడదన్న నిర్ణయం మన సమాఖ్యదే. సుదీర్ఘ ప్రయాణం, ప్రపంచకప్ కన్నా ఒలింపిక్స్‌కే విలువివ్వడం లాంటి కారణాలు దాని వెనక చెబుతారు.

ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ స్వర్ణాలు రెండు: 1951 ఢిల్లీ, 1962 జకార్తా. రెండింటికీ కోచ్ రహీమే.

ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అత్యుత్తమ స్థానం: నాలుగు, 1956 మెల్‌బోర్న్.

బూట్లు తప్పనిసరి చేయడానికి దారితీసిన ఓటమి: 1952 హెల్సింకి, యుగోస్లావియా చేతిలో 1-10.

ఈ నాలుగూ బిట్లుగా గుర్తుపెట్టుకుంటే మార్కులొస్తాయి. కానీ పది గోల్స్ తిన్న జట్టుని వదిలేసి వెళ్లకుండా, ఏ చాప్టర్ రాలేదో వెతికి మళ్లీ మొదటినుంచి పాఠం చెప్పిన ఆ బడిపంతులిని గుర్తుపెట్టుకుంటే, తర్వాతి రిజల్ట్స్‌లో మీ నంబర్ కనిపించని రోజున కూడా పనికొస్తుంది.